ఒంగోలు మాస్టారికి

ఒరేయ్ మాస్టారూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పిల్లని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నావు సరే. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. అది నేర్చుకుంటోందని నీకెలా తెలుస్తుందిరా?" అన్నావు. ఇదే మాట మా అమ్మ అడిగింది, ఆఫీసులో అడిగారు, కింది ఫ్లాటావిడా అడిగింది. నువ్వడిగితే మాత్రం రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నవాడివి, అదంటే ప్రాణం నీకు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. వేసవి మొదలవకముందే మా బోరు ఎండిపోతుంది. 12,000 లీటర్ల ట్యాంకరు తెప్పించుకుంటాం. ఈసారి ట్యాంకరు వచ్చిన రోజు మా పెద్దమ్మాయి "నిజంగా పన్నెండు వేలు పోస్తాడా నాన్నా?" అంది. తెలియదమ్మా అన్నాను. వాళ్ళమ్మ కుట్టుమిషన్ టేపు పట్టుకెళ్ళి సంపు కొలిచింది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. నీళ్ళు పోయకముందు వెదురుకర్ర ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ సుద్దతో గీత పెట్టింది. పోశాక ఇంకో గీత. (మూత తీసినంతసేపూ నేను పక్కనే ఉన్నాలే, కంగారు పడకు.) రెండు గీతల మధ్య 2 మీటర్లు ఉండాలి కదా, 1 మీటరు 80 సెంటీమీటర్లే ఉంది. కాగితం మీద వేసుకుని 1,200 లీటర్లు తక్కువని తేల్చింది.

ఆ లెక్క వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ నా గుండె నిండింది ఆ తర్వాత. నేను డ్రైవరును నిలదీద్దామని లేస్తే, "ఉండు నాన్నా, ఆయన పోస్తున్నప్పుడు మన మోటారు ఆన్‌లో ఉందేమో, నీళ్ళు పైకి వెళ్ళిపోయి ఉంటాయి" అంది. తర్వాతి ట్యాంకరుకి మోటారు ఆపించి మళ్ళీ కొలిచింది. 1 మీటరు 85. ఈసారి తక్కువైంది 900 లీటర్లు. తనకొచ్చిన జవాబును తనే అనుమానించింది చూడు, అది ఏ ప్రశ్నపత్రంలో అడుగుతాం మనం?

ఇంకోటి. ఇక్కడ బెంగళూరులో బస్సుల బోర్డులు, దుకాణాల పేర్లు కన్నడంలో ఉంటాయి కదా. మన తలకట్టు ఒకలా, వాళ్ళది ఒకలా, కింద అక్షరం చాలావరకు మనదే. తెలుగొచ్చిన పిల్ల బస్సులో కూర్చుని వాటిని కూడబలుక్కుంటూ ఉండేది. పాఠమేమీ లేదు. ఒకరోజు మారతహళ్ళి దగ్గర ఉన్నట్టుండి "నాన్నా, హళ్ళి అంటే పల్లేనా?" అంది. అవునన్నా. ఇంటికొచ్చేలోపు జాబితా తయారు చేసింది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు. మనం ప అన్నచోట వాళ్ళు హ అంటున్నారని పట్టేసింది. పాత కన్నడంలోనూ అది ప గానే ఉండేదనీ, తర్వాతే హ అయిందనీ నేను చెప్తే, "అయితే మనవాళ్ళు మార్చుకోలేదన్నమాట" అని వెళ్ళి తమ్ముడికి చెప్పింది. వాడికి ఏడేళ్ళు, వాడు రెండు రోజులు అన్నం బదులు హన్నం అడిగాడు.

అన్నీ ఇలా వెంటనే కనబడవురా. ఇక్కడి లాల్‌బాగ్ తోటలోని రాతిగుట్ట 300 కోట్ల ఏళ్ళనాటిదని చెప్తే అది విననే లేదనుకున్నాను, గాలిపటం గొడవలో ఉంది. ఆరు నెలల తర్వాత మనం చీమకుర్తి వెళ్ళాం గుర్తుందా? ఆ నల్లరాయి మీద చెయ్యి పెట్టి "ఇది ముందు పుట్టిందా, లాల్‌బాగ్‌దా?" అని నిన్నే అడిగింది. ఆ మధ్యలో నేను పరీక్ష పెట్టి ఉంటే సున్నా వేసేవాణ్ణి.

పరీక్ష పెట్టలేదని కూడా కాదు. మొదటి ఏడాది భయంతో ఆదివారం ఆదివారం పెట్టాను. అది కాగితం చూడ్డం మానేసి నా మొహం చూడ్డం మొదలుపెట్టింది. నా కనుబొమ్మ ముడిపడితే జవాబు మార్చేసేది. అమెరికాలో జాన్ హోల్ట్ అని ఒక టీచరు ఉండేవాడు. ఇంట్లో చదువుకునే పిల్లల కోసం 1977లో పత్రిక కూడా మొదలుపెట్టాడు. ఆయన తన ఐదో తరగతి పిల్లల్లో గమనించిందీ ఇదే. పిల్లలు లెక్కను చదవడం మాని టీచరును చదువుతారని. అది నా ఇంట్లోనే జరుగుతోందని అర్థమై మానేశాను. ఆపేశాక నెలన్నర దాకా అది లెక్కల పుస్తకం ముట్టుకోలేదు. ఆ నెలన్నర నేను పడ్డ టెన్షన్ మా ఆవిడకే తెలుసు.

ఇప్పుడు మాకున్న ఆధారాలు రెండే. మా ఆవిడ రాసే డైరీ ఒకటి. ఆ రోజు పిల్లలేం అడిగారో తేదీ వేసి రాస్తుంది, జవాబులు కాదు, ప్రశ్నలు. రెండోది నానమ్మకు రాసే ఉత్తరాలు. అమ్మ వాటిని బీరువాలో దాచింది. మొదట్లో "మంచినీలు" అని రాసేది. తర్వాత వత్తులు తెలిసి ప్రతిదానికీ వత్తే. ఈ మధ్య రాసినదాంట్లో "మంచినీళ్ళు" అని సరిగ్గా ఉంది, పక్కన కొట్టివేత ఉంది. పాత తప్పులు పోయి కొత్త తప్పులొస్తున్నాయంటే పిల్ల ముందుకు నడుస్తోందనే నా నమ్మకం.

రానివీ తెలుస్తున్నాయి. ఏడో ఎక్కం ఇంకా తడబడుతుంది. భిన్నాల భాగహారం దగ్గర ఏడుస్తుంది. పక్కనే ఉంటాం కాబట్టి దాచడానికి దానికి చోటు లేదు, అవసరమూ లేదు. నీ పరిస్థితి వేరు. గదిలో నలభై ఐదు మంది. ఒక్కొక్కరి పక్కన కూర్చునే వీలు నీకెక్కడిది? నీకు పరీక్ష కావాలి, తప్పదు. నాకున్నది ఇద్దరు.

పదో తరగతి మాటంటావా, మేం పరీక్షలకు వ్యతిరేకం కాదు. బడికి వెళ్ళకుండానే పరీక్ష రాయనిచ్చే జాతీయ ఓపెన్ స్కూలు, అదే ఎన్‌ఐఓఎస్, 1989 నుంచీ ఉంది. 14 ఏళ్ళు నిండితే పదికి కట్టొచ్చు. 5 ఏళ్ళలో 9 సార్లు రాసుకునే అవకాశం ఉంది. దానికింకా మూడేళ్ళు టైముంది. రాయాలనుకున్నప్పుడు రాస్తుంది.

సంక్రాంతికి మీరిద్దరూ తప్పకుండా రండి. సంపు అయ్యాక దాని కన్ను ఇప్పుడు గుండ్రటి డ్రమ్ము మీద పడింది. పురికొస తీసుకుని డ్రమ్ముకి, బిందెకి, గ్లాసుకి చుట్టి, ఆ పొడవును అడ్డంగా కొలిచినదానితో భాగిస్తోంది. ప్రతిసారీ మూడు మీద కొంచెం వస్తోందట. "ఆ కొంచెం ఎంతో బాబాయ్‌నే అడుగుతా" అని కాగితాలన్నీ దాచిపెట్టింది. నేను లెక్కల్లోని "పై" (π) పేరు ఎత్తలేదు. నువ్వు కూడా వచ్చీరాగానే చెప్పేయకు. ముందు ఆ పురికొస తెమ్మని, పక్కన కూర్చో.

నీ
బెంగళూరువాడు