లాస్ట్ ర్యాంకు పక్కన సీట్ల సంఖ్య కూడా వేయండి

సంపాదకుల వారికి,

ఇంజినీరింగ్ తదితర కోర్సుల రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడగానే కర్నూలు, అనంతపురం, కడప నెట్ సెంటర్లలో పోయిన ఏడాది లాస్ట్ ర్యాంకుల ప్రింట్లు చేతులు మారుతుంటాయి. పత్రికలు పేరున్న కాలేజీల కటాఫ్‌లు అచ్చు వేస్తాయి. తల్లిదండ్రులు ఆ అంకె పక్కన పిల్లల ర్యాంకు పెట్టి చూసుకుని వస్తుందనో రాదనో అక్కడికక్కడే తేల్చేస్తారు. రాదనుకున్న కాలేజీని వెబ్ ఆప్షన్లలో, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల జాబితాలో, పెట్టనే పెట్టరు. పెట్టి ఉంటే వచ్చే సీటు కూడా అలా పోతుంది. పాత డేటాను పక్కన పడేయమని కాదు, చదివే పద్ధతి తెలుసుకుని చదవమని ఈ లేఖ.

లాస్ట్ ర్యాంకు అంటే ఆ ఏడాది, ఆ బ్రాంచిలో, ఆ కేటగిరీలో చివరగా సీటు తీసుకున్న ఒక్క విద్యార్థి ర్యాంకు. అది ఎన్ని సీట్ల మీద తేలిన అంకె అన్నది ముందు అడగాలి. ప్రైవేటు కాలేజీలో 60 సీట్ల బ్రాంచి ఉందనుకోండి. 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాకు 18 పోతే ర్యాంకుతో నింపే కన్వీనర్ కోటాకు మిగిలేవి 42. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం తీసేస్తే ఓపెన్‌లో సుమారు 21 సీట్లుంటాయి. బీసీ-ఎ వాటా 7 శాతం, అంటే 3 సీట్లు. బీసీ-బికి 10 శాతం లెక్కన 4, బీసీ-డికి 7 శాతం లెక్కన 3. బీసీ-ఇకి 4 శాతమే కనుక ఒకటో రెండో. బీసీ-సికి 1 శాతం, ఉంటే ఒక సీటు, లేకుంటే అదీ లేదు. ప్రతి వాటాలోనూ మూడో వంతు అమ్మాయిలకు. ఈ లెక్కన బీసీ-ఎ బాలికల గడిలో కనిపించే అంకె ఒకే ఒక్క అమ్మాయి నిర్ణయం. 18 వేల ర్యాంకు వచ్చిన ఆ అమ్మాయి ఇంటికి దగ్గరని ఈ కాలేజీ పెట్టుకుంది అనుకుందాం. ఆమె తిరుపతి వెళ్లి ఉంటే అదే గడిలో 40 వేలు కనబడేది. కాలేజీ అదే, బ్రాంచీ అదే. అందుకే ఓసీ (ఓపెన్) గడిలోని అంకెను నమ్మినంతగా ఒకటి రెండు సీట్ల గడిలోని అంకెను నమ్మకూడదు.

ఇంకో సంగతి. బీసీ-బి అమ్మాయి బీసీ-బి బాలికల గడి ఒక్కటే చూసి ఆగిపోకూడదు. ఓపెన్ సీటు అందరిదీ, జనరల్ సీటు అమ్మాయిలకు కూడా వర్తిస్తుంది. ఆమె ఓసీ బాలురు, ఓసీ బాలికలు, బీసీ-బి బాలురు, బీసీ-బి బాలికలు, ఈ నాలుగు గడులూ చూడాలి.

రాయలసీమ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది లోకల్, నాన్‌లోకల్ దగ్గర. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్. కోస్తాలోని మిగతా జిల్లాలు ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) రీజియన్. 85 శాతం సీట్లు ఆ రీజియన్ లోకల్ వారికే, మిగిలిన 15 శాతం మెరిట్ ప్రకారం. కడప విద్యార్థి విజయవాడ కాలేజీ లాస్ట్ ర్యాంకు చూసి ఆశ పెట్టుకుంటే, ఆ అంకె చాలావరకు ఏయూ లోకల్ సీటుది. 42లో అతను పోటీ పడగలిగేవి 6 సీట్లు. వాటికి అక్కడి పిల్లలూ పోటీ. కనుక ఏయూ రీజియన్ కాలేజీలకు లాస్ట్ ర్యాంకు కంటే బాగా మెరుగైన ర్యాంకు ఉంటేనే నమ్మకం పెట్టుకోవాలి. అదే కర్నూలులోని జి.పుల్లారెడ్డి కాలేజీ, కడపలోని కేఎస్‌ఆర్‌ఎం, అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీ లాంటి వాటి పాత అంకెలు మనవాళ్లకు సూటిగా పనికొస్తాయి.

లోకల్ అన్నది పుట్టిన ఊరితో తేలేది కాదు, చదివిన చోటుతో తేలుతుంది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9, 10 తరగతులు, ఇంటర్ రెండేళ్లు ఒకే రీజియన్‌లో చదివితే అక్కడ లోకల్. అలా లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. పదో తరగతి దాకా ఆదోనిలో చదివి ఇంటర్‌కు మాత్రమే విజయవాడ వెళ్లిన అబ్బాయి ఎస్వీయూ లోకల్‌గానే ఉంటాడు. తొమ్మిదిలోనే అక్కడి రెసిడెన్షియల్‌లో చేర్చి ఉంటే ఏయూ లోకల్ అవుతాడు, కర్నూలు కాలేజీలో నాన్‌లోకల్. స్టడీ సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని ఇది తేల్చుకోకుండా కటాఫ్‌లు చూడటం వృథా శ్రమ.

కర్నూలుకు హైదరాబాద్ దగ్గర కనుక ఇది కూడా చెప్పాలి. విభజన చట్టం ప్రకారం ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025 నుంచి తెలంగాణ తన 15 శాతం సీట్లను ఆ రాష్ట్రంతో సంబంధం ఉన్న కొన్ని వర్గాలకే పరిమితం చేసింది. ఇక్కడే చదివిన పిల్లలు హైదరాబాద్ కాలేజీల పాత లాస్ట్ ర్యాంకులు చూసి లెక్కలు వేసుకోవద్దు.

ఎస్సీ విద్యార్థులకు 2024 వరకు ఉన్న పట్టికలో ఒకే ఎస్సీ గడి ఉంటుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులకు విభజిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. పాత ఎస్సీ అంకెను ఏ గ్రూపుకూ నేరుగా అన్వయించలేం. ఒక శాతం వాటా 42 సీట్ల బ్రాంచిలో ఒక్క సీటుకు కూడా చాలదు, కాబట్టి ఆ గ్రూపు పిల్లలు ఆప్షన్లు వీలైనన్ని ఎక్కువ పెట్టాలి, ఓపెన్ గడిని కూడా చూసుకోవాలి.

ఏడాదికీ ఏడాదికీ అంకెలు ఎందుకు జరుగుతాయో తెలిస్తే కంగారు తగ్గుతుంది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బ్రాంచి సీట్లపై పరిమితి ఎత్తేశాక బాగా నడిచే కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకునే వీలు కలిగింది. 120 సీట్లున్నప్పటి లాస్ట్ ర్యాంకును 240 సీట్లున్న ఏడాదికి వాడితే లెక్క తప్పుతుంది. కృత్రిమ మేధ, డేటా సైన్స్ పేర్లతో కొత్తగా వచ్చిన బ్రాంచిలకు వెనకటి చరిత్రే లేదు. వాటికి అదే కాలేజీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అంకెల మధ్యలో ఎక్కడో ఉంటుందని ఊహించుకోవడమే. తొలి విడతలో సీటు తీసుకున్న వారిలో కొందరు ఎన్ఐటీలకు, ట్రిపుల్ఐటీలకు వెళ్లిపోతారు. ఆ ఖాళీలతో చివరి విడతకు లాస్ట్ ర్యాంకు కిందికి దిగుతుంది, అంటే అంకె పెరుగుతుంది. తొలి విడత అంకెనూ చివరి విడత అంకెనూ కలిపి చూడకూడదు.

లాస్ట్ ర్యాంకు లక్షన్నర దాటి ఉంటే చాలావరకు సీట్లు మిగిలిపోయాయనే అర్థం. ఆ అంకెను గీతగా తీసుకోనక్కర్లేదు, అర్హత సాధించిన వారెవరికైనా అక్కడ సీటు దొరికే అవకాశమే ఎక్కువ.

మార్కుల నుంచి ర్యాంకు ఊహించే పట్టికలు ఇంకా బలహీనం. సెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ. కోవిడ్ కారణంగా 2021, 2022లో ఈ వెయిటేజీ లేదు, కనుక ఆ ఏళ్ల పట్టికలు చించేయవచ్చు. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో జనరల్ అర్హత మార్కు 2024లో 162, 2025లో 144. ఒక ఏడాది మార్కులతో ఇంకో ఏడాది సీటు అంచనా వేయలేం అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ఐటీ సీట్లు కేటాయించే జోసా పట్టికలో మరో తికమక ఉంది. కర్నూలు ట్రిపుల్ఐటీడీఎంకు ఓబీసీ ముగింపు ర్యాంకు అని చూపేది ఓబీసీ కేటగిరీ ర్యాంకు. మన సెట్ పట్టికలో బీసీ గడిలోనూ రాష్ట్ర ర్యాంకే ఉంటుంది. దాన్ని దీనితో పోల్చితే పూర్తిగా తప్పుదారి పడతారు. ఇడుపులపాయ ట్రిపుల్ఐటీకైతే ఈ సెట్‌తోనే పని లేదు, అక్కడ ప్రవేశం పదో తరగతి మార్కులతో.

ఇంట్లో కూర్చుని చేసుకోగల లెక్క ఇది. కావలసిన బ్రాంచికి వరుసగా మూడేళ్ల చివరి విడత అంకెలు రాసుకోండి. ఓసీలో 21 వేలు, 26 వేలు, 24 వేలు ఉన్నాయనుకుందాం. మీ ర్యాంకు 21 వేల లోపుంటే గట్టి అవకాశం. 21 నుంచి 26 వేల మధ్య ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. 26 దాటి 32 వేల వరకు కూడా ఆ ఆప్షన్ వదలొద్దు. సీట్లు తక్కువున్న కేటగిరీలో ఈ 32 వేల గీతను ఇంకా దూరం జరపాలి. గట్టి అవకాశం ఉన్నవి కనీసం పది ఆప్షన్లు జాబితా అడుగున తప్పకుండా ఉండాలి.

ఈ లెక్క ఏవి పెట్టాలో చెబుతుంది, ఏ వరసలో పెట్టాలో మాత్రం ఇష్టమే నిర్ణయించాలి. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి జాబితా పైనుంచి కిందికి చూసుకుంటూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తుంది. రాదనుకున్న కాలేజీని మొదట పెట్టినందువల్ల కింది సీటు పోదు. వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం దాని కింద రాసుకున్న మంచి సీటు పోతుంది. తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే చేతిలోని పాత సీటు రద్దవుతుంది, అప్పుడు దానికంటే మేలైనవి మాత్రమే పెట్టాలి. ఎలాగూ కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లు నింపే స్పాట్‌లో దొరుకుతుందిలే అని ఆగేవారు, స్పాట్, మేనేజ్‌మెంట్ సీట్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని ముందే గుర్తుంచుకోవాలి.

ఉన్నత విద్యామండలి, సాంకేతిక విద్యాశాఖ వారికి మీ పత్రిక ద్వారా విన్నపం. ప్రతి గడిలో లాస్ట్ ర్యాంకు పక్కన ఆ కేటగిరీలో ఉన్న సీట్లు, నిండిన సీట్లు వేయండి. లోకల్ (85 శాతం), అన్‌రిజర్వ్‌డ్ (15 శాతం) వేరుగా చూపండి. విడతల వారీ అంకెలు, గత ఐదేళ్లవి ఒకే చోట ఎక్సెల్ రూపంలో ఉంచండి. పీడీఎఫ్‌లో వెతుక్కోలేకనే జనం సీటు అంచనా చెబుతామంటూ ఫోన్ నంబరు అడిగే ప్రిడిక్టర్ల చేతిలో పడుతున్నారు. మీరు కూడా వచ్చే కౌన్సెలింగ్ నాటికి కటాఫ్‌లు అచ్చు వేసేటప్పుడు ఏ ఏడాది, ఏ విడత, ఏ రీజియన్, ఎన్ని సీట్లు అన్నవి పట్టికలోనే వేయాలని కోరుతున్నాను.

– ఇంటర్ గణిత అధ్యాపకుడు, కర్నూలు