లాడ్జి గోడల వెనక ఏముందో చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

చిన్నప్పుడు హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి పక్కనుంచి వెళ్లాల్సి వస్తే మేం పిల్లలం పరుగు అందుకునేవాళ్లం. లోపల పుర్రెలు ఉంటాయని, దయ్యాలను పిలుస్తారని పెద్దవాళ్లే చెప్పేవారు. నిజానికి అది తానీషా కట్టించిన భవనం, 1870ల నుంచి ఫ్రీమేసన్ల లాడ్జి, అంటే ప్రమాణం చేసి చేరే ఓ సోదర సంఘంవాళ్లు కలుసుకునే చోటు. ఈ సంగతి తెలిసేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి.

ఇప్పుడు ఆ భయమే వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇల్యూమినాటి అనే రహస్య సంఘం, మేసన్లు కలిసి ప్రపంచాన్ని నడిపిస్తున్నారట! జర్మనీలోని బవేరియాలో 1776లో పుట్టిన ఇల్యూమినాటి, అక్కడి ప్రభుత్వం నిషేధించడంతో పదేళ్లకే చెల్లాచెదురైంది. మేసన్ల సంగతి వేరు. 1717లో లండన్‌లో, లాడ్జిలన్నిటికీ పైన ఉండే మొదటి గ్రాండ్ లాడ్జి, 1961లో మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి వచ్చాయి. వాళ్ల గుర్తు తాపీమేస్త్రీలు వాడే మూలమట్టం, దానితో వృత్తలేఖిని. వివేకానందుడు, మోతీలాల్ నెహ్రూ కూడా మేసన్లే.

అలాగని జనానిదే తప్పనలేను. ఇటలీలో 1981లో పీ2 అనే మేసన్ల లాడ్జి సభ్యుల జాబితా దొరికినప్పుడు అందులో మంత్రులు, సైనికాధికారులు, జడ్జిల పేర్లు ఉన్నాయి. ఆ దెబ్బకు ప్రభుత్వమే పడిపోయింది. అధికారంలో ఉన్నవాళ్లు మూసిన గదిలో ప్రమాణాలు చేస్తే ఎవరికైనా టెన్షనే.

అందుకే నా విన్నపం. మన లాడ్జిల వాళ్లు తమ తంతు, సంకేతాల గుట్టు ఉంచుకున్నా, స్కూలు పిల్లలను పిలిచి ఆ హాళ్లు చూపించాలి. ప్రభుత్వ ఉద్యోగుల్లో సభ్యులైనవాళ్లు ఆ విషయం బయటికి చెప్పాలి.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్