ప్రజావాణి దగ్గర కలిసిన విలేకరి అన్నకు

డిగ్రీ అయిపోయింది. జర్నలిజంలోకి వెళ్లాలా వద్దా తేల్చుకోలేక, విలేకరుల పని దగ్గర్నుంచి చూద్దామని ఓ సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లాను. ప్రజావాణి హాలంతా జనం. ఎవర్నడగాలో తెలియక గోడవారగా నిలబడ్డ నన్ను పలకరించి, వెంట తిప్పుకుంది మీరే అన్నా.

ఆసరా పింఛను ఆగిపోయిందని వచ్చిన ఓ అవ్వ పక్కన మీరు నేల మీదే కూర్చున్నారు. ముందు అర్జీ అడగలేదు, "తిన్నవా అవ్వా?" అన్నారు. ఆమె మాట పూర్తయ్యేదాకా పెన్ను తీయలేదు. తర్వాత రాసుకున్నది ఆమెకే చదివి వినిపించి, ఫొటో వేయొచ్చా అని అడిగారు. ఆ అడగడం నాకెంత నచ్చిందో! అక్కణ్నుంచి లేచి అధికారి వివరణ కూడా తీసుకున్నారు.

అంత హడావుడిలోనూ నాకు టీ తాగించి, 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఎలా పెట్టాలో, 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు ఎవరికి చేయాలో నోట్‌బుక్‌లో కాగితం చింపి రాసిచ్చారు. మండల విలేకరికి చాలాచోట్ల నెలజీతం ఉండదని, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన వార్తల లైన్ల లెక్కన ఇచ్చే డబ్బే దిక్కని కూడా దాచకుండా చెప్పారు. అంత నిజం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

జర్నలిజం కోర్సుకు దరఖాస్తు పెట్టేశానన్నా. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.