తోటలోకి వచ్చిన డేగ సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం ఇంటర్వెల్‌లో నీళ్ల చిప్ప దగ్గర పికిలిపిట్టను డేగ తన్నుకుపోయిన సంగతి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా నలుగుతోంది. చిన్నతరగతుల పిల్లలు ఏడ్చిన మాట నిజమే. "పిల్లల మీద పడితే?" అని ఆఫీసుకు ఫోన్లు కూడా వచ్చాయి. పడదు. అది జాలెడేగ, పావురమంత ఉంటుంది, బరువు 200 గ్రాములు అటూఇటూ. తొండలు, ఎలుకపిల్లలు, మిడతలు, చిన్నపిట్టలు దాని తిండి. ఎక్కడినుంచో వచ్చిపడలేదు, మన కోనసీమ కొబ్బరితోటల్లో ఏడాది పొడుగునా ఉండేదే. టపాకాయలు కాల్చి తరమమన్నవారికి, నిద్రగన్నేరు చెట్టు కొట్టించమన్నవారికి ఒకటే జవాబు: ఆ పని చెయ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని కొట్టినా పట్టినా నేరం.

జాలెడేగ ఆకుల చాటున కూర్చుని, అదను చూసి నేలబారుగా దూసుకొస్తుంది. రోజూ ఒకేచోట, ఒకే వేళకు గింజలు చల్లితే పిట్టలన్నీ అక్కడే మూగుతాయి, దానికి వేట సులువవుతుంది. అందుకే వారంపాటు గింజలు చల్లం. చిప్పను మందారపొదలకు రెండు మీటర్ల దూరంలో పెట్టించాం: పిట్ట ఒక్క ఊపులో పొదలో దూరిపోవాలి, మరీ ఆనుకుని ఉంటే పిల్లి పొంచి ఉంటుంది. నీళ్లు రెండంగుళాల లోతు చాలు, రోజూ మార్చాలి. వరికంకుల కుచ్చులు వరండా చూరు లోపలికి కట్టాం. పిచ్చుకలు ధైర్యంగా వస్తున్నాయి.

పిల్లలు తోటలో చూసిన పిట్టల సంగతులు రాసే నోటుబుక్కు ఎందుకని అడిగేవారు ఏడో తరగతి అమ్మాయిలిద్దరు రాసిన పేజీ వచ్చి చూడండి. ముందు ఉడుత తోక విదిలిస్తూ అరిచింది, తరవాత ఏట్రింత (చీలికతోక నల్లపిట్ట) పైనుంచి దూకి దేన్నో పొడిచింది, ఆపైన తోటంతా ఒక్కసారిగా మూగబోయింది, అప్పుడు డేగ కనబడింది! ఈ వరస పట్టుకున్నారు. తెల్లని గొంతు నడుమ సన్నని నల్లగీత, ఎర్రకన్ను గుర్తుపట్టి మగదని తేల్చారు. ఆడదాని కన్ను పసుపు, ఒళ్లు పెద్దది. ఆరో తరగతి బాబొకడు ఏట్రింత డేగ అరుపును అనుకరిస్తుందని, అరుపు విన్నంత మాత్రాన డేగ వచ్చిందని రాయకూడదని మిగతావాళ్లకు చెప్పాడు. కళ్లతో చూసి, వేళ వేసి, చూసినంతే రాయడం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేని చదువు.

కాబట్టి ఆ పుస్తకం పిల్లలనే రాయనివ్వండి. నెట్‌లోంచి దించి మీ చేతిరాతతో నింపిన పేజీలు మాకు తెలిసిపోతున్నాయండి. పుస్తకాల సంచుల్లో దొరికిన ఉండేళ్లు ఆఫీసులో ఉన్నాయి, దయచేసి మీరే వచ్చి తీసుకెళ్లండి. చేలో, కొట్టంలో ఎలుకలమందు పెట్టేవారు చచ్చిన ఎలుకల్ని కాలవలోకి విసరకుండా ఏరి పాతిపెట్టండి; వాటిని తిన్న డేగా, గుడ్లగూబా కూడా చస్తాయి.

అర్ధసంవత్సర పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు పదో తేదీలోగా కట్టండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు