‘గది’కి రెండే మాటలా?

సంపాదకునికి,

విద్యార్థుల పేజీలో ‘గది’కి పర్యాయపదాలుగా అర, కక్ష్య అని ఇచ్చి ఊరుకున్నారు. తప్పని అనను. కానీ ‘కక్ష్య’ అనగానే ఇప్పటి పిల్లలకు ఉపగ్రహమే తోస్తుంది. గది అన్న అర్థం నిఘంటువుల్లోనే మిగిలింది. ‘అర’ కూడా కోస్తాలో చాలావరకు బీరువాలకూ పెట్టెలకూ పరిమితమైంది. అదే తెలంగాణలో ‘అర్ర’గా నిక్షేపంగా వాడుకలో ఉంది. ఆ మాట మీ జాబితాలో లేదు.

అసలు మన ఇళ్లలో చాలా గదులకు ‘గది’ అనే మాటే అక్కర్లేదు. వంటిల్లు, పడకటిల్లు, దేవుడిల్లు... ఇంట్లో మళ్లీ ఇళ్లే! ఇల్లంటే మొత్తం కట్టడమే కాదు, అందులో ఒక గది కూడా అని ఒక్క ముక్క రాయాల్సింది.

ఇంటి ముందు భాగం ఒకచోట వసారా, ఇంకోచోట పంచ, రాయలసీమ వైపు పడసాల. సావిడి అయితే కొందరికి ఇంటి ముందు హాలు, కొందరికి గొడ్లను కట్టే చోటు. ఇవి గదికి అచ్చంగా పర్యాయపదాలు కావని టీచర్లు అనవచ్చు, నిజమే. అయినా పరీక్షలో మార్కు కోసం కాకుండా మాట్లాడటానికి పనికొచ్చేవి ఇవే. పైగా గది ఇల్లు దాటి కూడా వెళ్లింది: సైన్సు పాఠంలో గుండెకు నాలుగు గదులు, తేనెపట్టు నిండా ఆరు పలకల గదులు.

ఇకపై ఏ మాట ఏ ప్రాంతానిదో పక్కనే వేయండి. స్థలం చాలదంటే ‘కక్ష్య’ తీసేసి ‘అర్ర’ పెట్టండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం