ఆ రాత్రి మా ఫర్నేస్ దగ్గర కూర్చున్న అన్నయ్యకి

మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. అయినా ఇది ఈరోజే రాయాలి.

విజయవాడ వన్ టౌన్‌లో మాది చిన్న క్యాస్టింగ్ యూనిట్. షాపులవాళ్లు బంగారం ఇస్తారు, మేం ఉంగరాలు, లాకెట్లు పోసి ఇస్తాం. శ్రావణ మాసం ఆర్డర్లు. సోమవారం రాత్రి ఫర్నేస్‌లో తొమ్మిది ఫ్లాస్కులున్నాయి. ఫ్లాస్కు అంటే మైనం నమూనా చుట్టూ జిప్సం కలిసిన పౌడర్ ముద్ద పోసి గట్టిపరిచిన స్టీలు గొట్టం. దాన్ని కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో బంగారం పోస్తాం. ఒకదానిలో మా పెద్దాచారి గారు పదిహేను రోజులు కూర్చుని మైనంలో చేత్తో చెక్కిన లక్ష్మీదేవి లాకెట్. మళ్లీ అలాంటిదే చేసుకోవడానికి దానికి రబ్బరు మోల్డ్ తీయలేదు. మైనం అప్పటికే కరిగిపోయింది. ఇక ఆ లాకెట్ మిగిలింది పౌడర్ లోపలి ఖాళీలోనే.

పదిన్నరకి కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది, వస్తూనే ఫర్నేస్ వెనక టప్‌మని శబ్దం. వేడి చూపించే మీటరు వెలుగుతోంది, అంకె మాత్రం దిగుతోంది. 520 డిగ్రీలు, 505, 490. కాలిన పౌడర్ 250 దరిదాపులకి చల్లారితే నెర్రెలిస్తుంది. మళ్లీ వేడి చేసి పోసినా బంగారం ఆ నెర్రెల్లోకి పాకి, వస్తువుకి రెక్కలు మొలిచినట్టు వస్తుంది.

ఫర్నేస్ అమ్మినవాళ్ల సర్వీస్ నంబరుకి చేస్తే, వారంటీ అయిపోయి పదకొండు రోజులైందని, ఇంజినీర్ నాలుగు పనిదినాల్లో వస్తాడని చెప్పారు. లోన్ వాయిదాలు మాత్రం ఇంకా రెండేళ్లున్నాయి.

మా పనివాళ్ల గ్రూపులో ఎవరో ఆటోనగర్ నంబరు పెట్టారు. లారీ స్పేర్ పార్టులకి హీట్ ట్రీట్‌మెంట్ చేసే షెడ్డులో పనిచేస్తారట. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత రాత్రి ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. చేశాను. నా మాట పూర్తి కాకముందే, "తలుపు తీయొద్దు చెల్లెమ్మా. పైన పొగ కన్నం ఇటుక ముక్కతో మూసెయ్. వస్తున్నా" అన్నారు.

పన్నెండుకి పాత టీవీఎస్ మీద వచ్చారు. మెయిన్ ఆపి వెనక రేకు విప్పితే, వేడినిచ్చే కాయిల్ తీగ చివర, కరెంటు వైరు కలిసే టెర్మినల్ దగ్గర కాలి తెగిపోయి ఉంది. పాత కాయిల్ గాజులా పెళుసుగా ఉంటుంది, చల్లగా వంచితే ఇంకో చోట విరుగుతుంది. ఆయన మా గ్యాస్ టార్చ్ అడిగి తీసుకుని, ఆ తీగని ఎర్రగా కాల్చి, మెత్తబడ్డాక మెలిపెట్టి, కొత్త స్టీలు బోల్టుతో బిగించారు. నేను రోజూ పట్టుకునే టార్చే అది. స్విచ్ వేసేసరికి మీటరు 335. ఒక్కసారిగా పెంచనివ్వలేదు. కాసేపు అక్కడే నిలబెట్టి, నెమ్మదిగా ఎక్కించారు.

అక్కడితో వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. తన సంచిలోంచి వేడి కొలిచే ఇంకో థర్మోకపుల్, దాని మీటరు తీసి పొగ కన్నంలోంచి దించారు. మా మీటరు 600 అంటుంటే ఆయనది 645 చూపించింది. అంటే మేం 730 అనుకుని మూడేసి గంటలు నిలబెడుతున్నది నిజానికి 775 దగ్గర. అంత వేడికి పౌడర్‌లోని జిప్సం విరిగి గంధకం పొగ వదులుతుంది, పోత నిండా సూది బెజ్జాలు.

రెండు నెలలుగా ఆ బెజ్జాల గురించే షాపులవాళ్లతో మాటలు పడుతున్నాను. నాకు పని రాదన్నారు. మళ్లీ పోసి ఇచ్చాను, తరుగు మా మీదే వేశారు. మా పనిలో వస్తువు బాగుంటే పేరు షాపుది, చెడితే నష్టం చేసినవాడిది. కరెంటు తేడాకి గానీ, తప్పు చూపించే మీటరుకి గానీ ఎవరూ జవాబు చెప్పరు.

ఆయన రెండు అంకెలూ నాకు చూపించి, "నీ చెయ్యి మంచిదేనమ్మా. ఈ మీటరే తప్పు చెబుతోంది" అన్నారు. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు, మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు. "పడుకో, నేను చూస్తా" అని తెల్లారేదాకా స్టూలు మీద కూర్చుని, తన మీటరు చూస్తూ వేడి సరిచేస్తూనే ఉన్నారు.

పొద్దున తొమ్మిదికి పోశాం. ఫ్లాస్కు నీళ్లలో ముంచి పౌడర్ కడిగేసరికి అమ్మవారి ముఖం చెక్కు చెదరకుండా వచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. డబ్బు తీసుకోలేదు. పేరు కూడా రాయొద్దన్నారు. అన్నయ్యా, మీ వేళ్ల మీద బొబ్బలు నేను చూశాను. మీకు దణ్ణం.

మా ఆయన, తమ్ముడు రాత్రంతా పక్కనే ఉన్నారు. పిల్లల్ని అత్తయ్య చూసుకున్నారు.

అయ్యో, గ్రూపులో నంబరు పెట్టిన తమ్ముడికి థాంక్స్ చెప్పనేలేదు. పక్క ప్రెస్ వాళ్లు జనరేటర్ సిద్ధంగా పెట్టారు, వాళ్లకి కూడా. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర నాలుగింటికే కొట్టు తీసి, ఫ్లాస్కు నిండా టీ పంపిన బాబాయ్, ఆ ఫ్లాస్కు ఇంకా మా దగ్గరే ఉంది, సాయంత్రం తెచ్చిస్తాను.