సైనికుడి పేరులో ఒక అక్షరం: మా వినియోగదారులకు మనవి

తాడేపల్లిగూడెం చుట్టుపక్కల గ్రామాల నుంచి మా దుకాణానికి వచ్చి స్మారక ఫలకాలు చెక్కించుకునే గ్రామ పెద్దలకు, మాజీ సైనికులకు, అమరవీరుల కుటుంబాలకు నమస్కారం. ఈ ఏడాది మా వల్ల జరిగిన ఒక తప్పును, దాని తరువాత మా పని పద్ధతిలో చేసిన మార్పులను మీకు నేరుగా చెప్పవలసిన బాధ్యత నాది.

ఒక గ్రామంలో రచ్చబండ పక్కన నిలిపిన స్తూపానికి మేము నల్ల గ్రానైట్ ఫలకం చేసి ఇచ్చాము. అందులో 1971 యుద్ధంలో మరణించిన ఒక జవాను పేరు కూడా ఉంది. ఆవిష్కరణ నాడు ఆయన భార్య వచ్చారు. ఆమెకు చదువు రాదు. మనవరాలు పేరును పైకి చదివి వినిపించగా, పెద్దావిడ ఆ అక్షరాల మీద వేలు ఆనించి, "ఈ పేరుతో మా ఆయన్ని ఊళ్లో ఎవరూ పిలవలేదు నాయనా" అన్నారు. ఇంటిపేరులో "డ" ఉండవలసిన చోట మేము "ద" చెక్కాము. ఆమె కోపంగా అనలేదు కాబట్టే ఆ మాట నన్ను మరింత బాధించింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో వెతికితే మా దగ్గరే తేలింది. సైన్యం ఇచ్చే కాగితాలలో పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి. ఆ లిపిలో ద, డ లకు ఒకటే అక్షరం, ల, ళ లకు ఒకటే, న, ణ లకు ఒకటే. దీర్ఘమో హ్రస్వమో తెలియదు. చాలాసార్లు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోతుంది. మేము ఆ కాగితం చూసి తెలుగులో ఊహించి రాసుకున్నామే తప్ప, ఇంటివాళ్లను అడగలేదు. గ్రానైట్ మీద లోతుగా దిగిన అక్షరాన్ని చెరపడం కుదరదు. ముఖమంతా అరగదీయాలి, లేదా కొత్త రాయి తీయాలి. మేము చీమకుర్తి రాయితోనే కొత్త ఫలకం చేసి, మా ఖర్చుతో బిగించి వచ్చాము.

మన ప్రాంతంలో ఈ విషయం చిన్నది కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరి వాళ్లు రెండు ప్రపంచ యుద్ధాలలోనూ పోరాడారు, తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యంలో చేరుతూనే ఉన్నారు. యుద్ధంలో మరణించిన వాళ్లలో ఎందరి దేహాలో ఇంటికి చేరలేదు. అటువంటి ఇళ్లకు తాకి చూసుకోవడానికి మిగిలింది రాతి మీది పేరు ఒక్కటే. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25,942 మంది పేర్లను గ్రానైట్ పలకల మీద బంగారు రంగు అక్షరాలలో చెక్కారు. అక్కడ అంతమంది పేర్ల కోసం అంత శ్రద్ధ తీసుకున్నప్పుడు, ముగ్గురు నలుగురు పేర్లుండే మన ఊరి ఫలకానికి మనం అంతకు తక్కువ శ్రద్ధ పెట్టకూడదు.

ఇకపై సైనికుల ఫలకాలకు, రాయి మీద ఉండబోయే కొలతలోనే అక్షరాలను కాగితంపై అచ్చు వేసి, ఆ కాగితాన్ని కుటుంబం ఇంటికి తీసుకువెళ్లి, పైకి చదివి వినిపించి, వాళ్లు సరే అన్న తరువాతే ఉలి పట్టుకుంటాము. కుటుంబం ఊళ్లో లేకపోతే దగ్గరి బంధువులనో, తోటి మాజీ సైనికులనో అడుగుతాము. ఇందుకు కనీసం రెండు వారాలు అదనంగా పడుతుంది. కాబట్టి ఆగస్టు 15కు గాని, జనవరి 26కు గాని కావలసిన ఫలకాలను నెలన్నర ముందుగా చెప్పండి. నాలుగు రోజుల్లో కావాలంటే ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఒప్పుకోలేను.

మరొక విషయం కొందరికి నచ్చకపోవచ్చు. ఆవిష్కరించిన వారి పేర్లు, దాతల పేర్లు పెద్ద అక్షరాలతో పైన ఉండి, చనిపోయిన జవాను పేరు అడుగున చిన్నగా ఉండే ఫలకాలను నేను కూడా చెక్కాను. అది సరికాదని ఆనాడే అనిపించినా, బేరం పోతుందని ఊరుకున్నాను. ఇకపై అటువంటిది చెక్కను. దాతల పేర్లు కావాలంటే స్తూపం వెనుక భాగానికి విడిగా చిన్న పలక చేసి ఇస్తాము, దానికి చెక్కుడు కూలి తీసుకోము.

గతంలో మేము చేసిన ఫలకాలలో అక్షరాలకు వేసిన బంగారు రంగు ఎండకు వెలిసిపోయి, దూరం నుంచి పేర్లు కనిపించడం లేదని రెండు ఊళ్ల వాళ్లు చెప్పారు. మా దుకాణంలో చేసిన సైనిక ఫలకం ఏదైనా సరే, ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ఫోటో తీసి పంపితే మేమే వచ్చి కడిగి, ఉచితంగా మళ్లీ రంగు నింపుతాము. ఈ పని వానలు తగ్గిన తరువాత మొదలుపెడతాము, ఎందుకంటే రాయి బాగా ఆరకుండా నింపిన రంగు నిలవదు. వచ్చేటప్పుడు పేర్ల కాగితం కూడా తెస్తాము. చెక్కిన పేరులో ఎక్కడైనా తేడా ఉంటే, దయచేసి మొహమాటపడకుండా అప్పుడే చెప్పండి.